తగిలించే ముందు తూచండి



తారు రోడ్డు మీదా, తారు లేని దారిలోనూ నడిచేలా తయారుచేసిన మోటారుసైకిళ్ళ గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం. హైవే ఎక్కితే గంటల తరబడి అలసట లేకుండా పోవాలి. తారు అయిపోయి కంకర మొదలైనా, వాగు అడ్డం వచ్చినా వెనక్కి తిరిగే అవసరం రాకూడదు. ఆ తరహా బండ్లు మన దేశంలో మామూలు జీతగాళ్ళకు అందుబాటులోకి వచ్చింది ఈ మధ్యనే. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ హిమాలయన్ వచ్చింది, 411 సీసీ. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్ వచ్చాయి. 2023 నవంబరులో హిమాలయనే 452 సీసీ కొత్త ఇంజనుతో మళ్ళీ వచ్చింది. విశాఖ నుంచి అరకు పోయే దారిలోనో, హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలోనో ఒక ఆదివారం పొద్దున నిలబడితే ఇవన్నీ వరసగా కనిపిస్తాయి.

వాటిని కాస్త పరకాయించి చూస్తే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన బండి ఇచ్చినట్టుగా ఉన్నవి చాలా తక్కువ. పక్కన ఇనప పెట్టెలు, ముందు నాలుగు లైట్లు, ట్యాంకు పక్కన పెట్రోలు క్యాను, మోత మోగించే సైలెన్సరు. బండి కొన్న నెల తిరక్కుండానే లక్ష దాకా వీటి మీద పోసినవాళ్ళు నాకు తెలుసు. డబ్బున్నవాళ్ళు పెట్టుకుంటే మనకేం అనుకోవచ్చు. కానీ ఈ డబ్బు చాలామంది అప్పుచేసో, రెండేళ్ళు కూడబెట్టో పెడుతున్నది. అంత పెట్టాక బండి మెరుగుపడకపోగా బరువెక్కి, ముందుకన్నా మొండిగా తయారైతే ఆ బాధ వాళ్ళదే. అందుకే ఈ ప్రసంగం.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. బండికి తగిలించే ప్రతి వస్తువూ మనకేదో ఇస్తుంది, బండి దగ్గర్నుంచి ఏదో తీసుకుంటుంది కూడా. బరువు రూపంలో తీసుకోవచ్చు, కరెంటు రూపంలో తీసుకోవచ్చు, బ్రేకు పట్టులో, నేలకూ ఇంజనుకూ మధ్య ఉన్న ఎత్తులో తీసుకోవచ్చు. అమ్మేవాడు ఇచ్చేదాని గురించే చెప్తాడు. తీసుకునేదాని లెక్క మనమే వేసుకోవాలి. ఉదాహరణకు నేను పాత 411 సీసీ హిమాలయన్ తీసుకుంటాను. మన రోడ్ల మీద అవి ఎక్కువగా ఉన్నాయి, సెకండ్ హ్యాండులోనూ దొరుకుతున్నాయి. మిగతా బండ్లకూ లెక్క ఇదే, అంకెలు మారతాయి అంతే.

ఆ బండి అంకెలు ముందు మనసులో పెట్టుకోండి. ఇరవై నాలుగున్నర గుర్రాల శక్తి. పెట్రోలుతో కలిపి దాదాపు 200 కిలోల బరువు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. ఇంజను అడుక్కీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్లు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. ఈ బండికి బలం కన్నా బరువు ఎక్కువ. కాబట్టి ఇంకో కిలో ఎక్కించే ముందు ఆలోచించాల్సిన బండి.

పైసా ఖర్చు లేని మార్పులు కొన్ని ఉన్నాయి. దుకాణానికి పోకముందు అవి చెయ్యాలి. హ్యాండిలు మీద క్లచ్, బ్రేకు లీవర్లు సాధారణంగా కూర్చుని నడిపేవాడికి సరిపోయేలా బిగించి ఉంటాయి. కంకర దారిలో మనం ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి నడుపుతాం. నిలబడి చెయ్యి చాపి చూడండి, మణికట్టు పైకి వంగుతోందంటే లీవర్లు కాస్త కిందికి తిప్పాలి. రెండు బోల్టులు వదులు చేస్తే సరి. తిరిగి బిగించేటప్పుడు బలమంతా ఉపయోగించి బిగించకండి. లీవరు కదలకుండా ఉండాలి, కానీ బండి పడిపోయినప్పుడు ఆ దెబ్బకు హ్యాండిలు చుట్టూ తిరగాలి. తిరిగితే విరగదు. కొందరు బిగింపు కింద ప్లంబర్లు వాడే తెల్లటి టేపు ఒకటి రెండు చుట్లు వేస్తారు, అది ఈ పనికి చాలా మంచిది.

రెండోది వెనక షాక్ అబ్జార్బరు. దాన్ని మన బరువుకు తగ్గట్టు సర్దుకునే వీలు కంపెనీ ఇచ్చింది. చాలామంది స్ప్రింగును బిగించే ఆ కాలరును బండి కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా ముట్టుకోరు. కొలత తేలికే. సెంటర్ స్టాండు వేస్తే వెనక చక్రం గాలిలో ఉంటుంది. చక్రం ఇరుసు నుంచి పైన సీటు కింది ఫ్రేము మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత స్టాండు తీసి, హెల్మెట్టూ బూట్లూ బ్యాగుతో సహా బండి ఎక్కి కూర్చోండి, ఇంకొకరిని అదే కొలత మళ్ళీ తియ్యమనండి. తేడా ఎంత వచ్చిందో చూడండి. ఈ బండి వెనక చక్రం పైకీ కిందికీ మొత్తం 180 మిల్లీమీటర్లు కదలగలదు. అందులో మూడో వంతు లోపు, అంటే 55, 60 మిల్లీమీటర్ల దగ్గర కూర్చుంటే బాగున్నట్టు. 80 దిగితే స్ప్రింగు మీ బరువుకు లొంగిపోయింది, కాలరు బిగించాలి. ఇది చెయ్యకుండా ఇరవై, ముప్పై వేలు పెట్టి కొత్త షాక్ అబ్జార్బరు కొనడం నాకు అర్థం కాని పని. సర్దిన తర్వాత కూడా అడుగు తగులుతుంటే, ఇద్దరు ఎక్కి సామానుతో తిరిగేవాళ్ళయితే, అప్పుడు గట్టి స్ప్రింగు గురించి ఆలోచించవచ్చు.

డబ్బు పెట్టి మార్చాల్సినవాటిలో నా లెక్కలో మొదటిది టైర్లు. నేలను తాకేది అవే కనక. ముందు 90/90–21, వెనక 120/90–17 సైజులు. ఈ సైజుల్లో మన దేశంలోనే రకరకాల టైర్లు దొరుకుతున్నాయి. పెద్ద పెద్ద గుబ్బలున్న టైరు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ గుబ్బకూ గుబ్బకూ మధ్య ఖాళీ ఎక్కువైన కొద్దీ తారును తాకే రబ్బరు తగ్గుతుంది. వానలో తడిసిన ఘాట్ రోడ్డు మీద, ముఖ్యంగా మలుపులో బ్రేకు పట్టినప్పుడు ఆ లోటు తెలిసిపోతుంది. పైగా అవి తొందరగా అరుగుతాయి, హైవే మీద హోరుమని మోత. మీరు తిరిగేదాంట్లో పది కిలోమీటర్లకు తొమ్మిది తారు మీదే అయితే, మధ్యరకం గుబ్బల టైరు చాలు. నిజాయతీగా లెక్కేసుకుంటే మనలో చాలామందిది అదే లెక్క.

ఇక్కడ మన నేలల సంగతి చెప్పాలి. మారేడుమిల్లి, చింతపల్లి వైపు అడవి దారుల్లో ఎర్రమట్టి, రాళ్ళు. అక్కడ మంచి టైరు తేడా చూపిస్తుంది. ఆదిలాబాదు, కర్నూలు ప్రాంతాల నల్లరేగడి అలా కాదు. ఒక్క వాన పడితే ఆ మట్టి ఎంత గుబ్బల టైరునైనా పది గజాల్లో నున్నగా చేసేస్తుంది. గుబ్బల మధ్య మట్టి కూరుకుని అక్కడే ఉండిపోతుంది. అది చాలదన్నట్టు ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దట్టంగా పేరుకుని, చివరికి చక్రం తిరగదు. పుల్లతో గీకి తీస్తూ నడిపించుకోవాల్సిందే. రేగడి ఊళ్ళలో వానాకాలం తిరిగేవాళ్ళకు మడ్‌గార్డు కొంచెం పైకెత్తి బిగించుకోవడం ఏ ఖరీదైన టైరు కన్నా ఎక్కువ మేలు. అయితే దానికీ ఖరీదు ఉంది. ఎత్తిన మడ్‌గార్డు కింద నుంచి బురద ఎగిరి ఇంజను మీదా, ముందున్న ఆయిల్ కూలరు మీదా పడుతుంది. ఆ కూలరు సందులు మూసుకుపోకుండా ఇంటికి రాగానే నీళ్ళు పోసి కడగాలి.

ట్యూబ్‌లెస్ గురించి ఎక్కువమంది అడుగుతారు. 411 బండివి స్పోకు చక్రాలు, లోపల ట్యూబు. మేకు దిగితే క్షణాల్లో గాలి పోతుంది, చక్రం విప్పితే గానీ పని జరగదు. అందుకని స్పోకుల బెజ్జాలు లోపలి నుంచి టేపు వేసి మూసేసి, ట్యూబు లేకుండా నడుపుకోవచ్చని కొన్ని దుకాణాలవాళ్ళు చెప్తున్నారు. గాలి నిలుస్తుంది, అది నిజమే. కానీ ట్యూబ్‌లెస్ కోసం తయారైన రిమ్ముకు లోపలి అంచు దగ్గర సన్నని గట్టు ఒకటి ఉంటుంది. గాలి తగ్గినా టైరు అంచు ఆ గట్టును ఆనుకుని స్థానం వదలదు. ట్యూబు కోసం చేసిన రిమ్ముకు సాధారణంగా ఆ గట్టు ఉండదు. వేగంలో ఉండగా గాలి తగ్గితే టైరు రిమ్ము వదిలి లోపలికి జారవచ్చు. ముందు చక్రంలో అలా జరిగితే మనిషి నిలదొక్కుకోవడం కష్టం. కాబట్టి టేపు పని నేను ఎవరికీ చెప్పను. పోత చక్రాలు వేయించుకుంటామంటే అవి గోతిలో పడ్డప్పుడు సొట్టపడతాయి, ఒక్కోసారి పగులుతాయి. స్పోకు చక్రం వంగినా మామూలు సైకిలు రిపేరు తెలిసినవాడు కూడా స్పోకులు బిగించి ఇంటికి చేరేలా చెయ్యగలడు. 452 బండికి ట్యూబు అక్కర్లేని స్పోకు చక్రాలు కంపెనీయే తర్వాత తెచ్చింది, ఆ బండి ఉన్నవాళ్ళకు అది తీసుకోదగ్గ మార్పే.

టైర్ల తర్వాత ఇంజను అడుగు. రాయి తగిలి ఇంజను అడుగు పగిలితే ఆయిలంతా కారిపోతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. కంపెనీ ఒక రేకు ఇచ్చింది గానీ అది చిన్న రాళ్ళకు సరిపోయే రేకు. బలమైన సంపు గార్డు రెడీమేడుగా కొనుక్కోవచ్చు, లేదా విజయవాడ ఆటోనగర్‌లోనో, విశాఖ ఆటోనగర్‌లోనో కొలతలిచ్చి చేయించుకోవచ్చు. లారీ చాసిస్‌లు వెల్డింగ్ చేసే చేతులు అవి, బండి రేకు వాళ్ళకు పెద్ద పని కాదు. అయితే చేయించేవాడికి తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో ఒక కుర్రాడు ఈ పని చేయించుకుంటుంటే పక్కనే ఉన్నాను. మేస్త్రి మూడు ఎమ్మెమ్ ఇనప రేకు తీశాడు. "ఇది వేస్తే జన్మలో వంగదు బాబూ" అన్నాడు. కుర్రాడికి ఆ మాట బాగా నచ్చింది. అడ్డం ముప్పై, పొడవు నలభై సెంటీమీటర్ల రేకు అది. లెక్క కడితే మూడు కిలోలకు కొంచెం తక్కువ. అదే కొలతల్లో నాలుగు ఎమ్మెమ్ అల్యూమినియం వేస్తే కిలోం పావు, కిలోన్నర మధ్య ఉంటుంది, మందం ఎక్కువ కాబట్టి మన అవసరానికి గట్టిగానే నిలుస్తుంది. ఆ మాట చెప్తే మేస్త్రి ఒప్పుకున్నాడు, అల్యూమినియం వెల్డింగుకు వేరే మిషను కావాలి, పక్క షెడ్డులో ఉంది, అక్కడికి పొమ్మన్నాడు. ఆ పక్క షెడ్డులో ఉన్న పెద్దాయన రేకు చేతిలోకి తీసుకోకముందే బండి పక్కన కింద కూర్చుని, మెడ వంచి ఇంజను అడుగు చూశాడు. "ఆయిలు మార్చే బోల్టు ఎక్కడుందయ్యా?" అని అడిగాడు. సుద్దముక్కతో రేకు మీద అక్కడ గుండ్రం గీశాడు. ఆ బెజ్జం పెట్టకపోతే ఆయిలు మార్చిన ప్రతిసారీ గార్డు మొత్తం విప్పాలి. విప్పడానికి బద్ధకించి సర్వీసు వాయిదా వేసేవాళ్ళున్నారు. ఆయన ఇంకో మూడు చిన్న బెజ్జాలు కూడా పెట్టించాడు, బురద నీళ్ళు కారిపోవడానికి. చివరిగా, బిగింపులన్నీ ఫ్రేము గొట్టాలకు పెట్టాడు, ఇంజను కేసింగుకు ఒక్కటీ పెట్టలేదు. రాయి దెబ్బ గార్డు నుంచి ఫ్రేముకు పోవాలి. ఇంజను బోల్టులకు పోతే గార్డు పెట్టిన ప్రయోజనమే పోయింది. చవకగా దొరికే గార్డుల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది, కొనేముందు వెనక్కి తిప్పి బిగింపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి.

452 బండికి నీళ్ళతో చల్లబడే ఇంజను. దానికి ముందు రేడియేటరు ఉంటుంది. లారీ చక్రం విసిరిన చిన్న కంకర రాయి చాలు దానికి చిల్లి పెట్టడానికి. ఆ బండి ఉన్నవాళ్ళు రేడియేటరు ముందు జాలీ వేయించుకోవాలి. తక్కువ ఖర్చు, బరువు దాదాపు లేదు. చేతుల ముందు ఉండే హ్యాండ్ గార్డులు కూడా మంచివే, అయితే లోపల లోహపు బద్ద ఉన్నవి తీసుకోండి. ఒట్టి ప్లాస్టిక్‌వి గాలిని ఆపుతాయి, బండి పడితే లీవరును కాపాడవు.

ఇక సామాను. బండి తీరును అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది సామానే. మెరిసే ఇనప, అల్యూమినియం పెట్టెలు ఖాళీగా ఉన్నప్పుడే, వాటి ఫ్రేముతో కలిపి పదిహేను కిలోలు సులభంగా దాటతాయి. అంటే ఒక్క జత బట్టలు పెట్టకముందే ఒక చిన్నపిల్లవాణ్ణి వెనక ఎక్కించుకున్నంత బరువు. వెనక క్యారేజీ మీద ఎత్తుగా బిగించే పెట్టె ఇంకా ఇబ్బంది. ఆ బరువు వెనక ఇరుసు దాటి అవతల ఉంటుంది కాబట్టి ముందు చక్రాన్ని పైకి లేపే పని చేస్తుంది. ముందు చక్రం మీద బరువు తగ్గితే హైవే మీద ఎనభై, తొంభై వేగంలో హ్యాండిలు సన్నగా వణకడం మొదలవుతుంది. చాలామంది అది టైరు దోషమనుకుంటారు. పెట్టె తీసి నడిపి చూడండి, తెలిసిపోతుంది. కావడి మోసేవాడు బరువు భుజానికి దగ్గరగా, రెండు వైపులా సమంగా ఉంచుకుంటాడు. బండికీ అంతే, పనిముట్లూ నీళ్ళ లాంటి బరువైనవి కిందా, మధ్యకు దగ్గరగా ఉండాలి. బట్టలు పైకి, వెనక్కి పోవచ్చు.

గట్టి గుడ్డతో కుట్టిన సంచులు నా దృష్టిలో చాలా మేలు. మన దేశంలో బాగా కుట్టినవి దొరుకుతున్నాయి. బరువు మూడు నాలుగు కిలోలు. ఇంకో ముఖ్యమైన కారణం, కంకరలో బండి పక్కకు ఒరిగేటప్పుడు మనం అప్రయత్నంగా కాలు కింద పెడతాం. ముందుకు జారుతున్న బండి పక్కనున్న లోహపు పెట్టె ఆ కాలి వెనక భాగానికి వచ్చి తగులుతుంది. చీలమండలు విరిగేది ఎక్కువగా అలాగే. గుడ్డ సంచి తగిలితే నొప్పి పుట్టి ఊరుకుంటుంది. ఊళ్ళోనే తిరిగే ఉద్యోగస్తులకు, తాళం వేసి హెల్మెట్టు దాచుకోవాలనుకునేవాళ్ళకు చిన్న టాప్ బాక్సు సరే, అందులో తప్పు లేదు. అడవి దారికి పోయే రోజు తీసి ఇంట్లో పెట్టిపోండి.

పెట్రోలు క్యాను సంగతి. లడఖ్ ఫొటోలు చూసి ఈ ముచ్చట పుట్టింది. మనాలి నుంచి లేహ్ పోయేదారిలో తాండి దగ్గరి పెట్రోలు బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని రాసిన బోర్డు ప్రసిద్ధం. 15 లీటర్ల ట్యాంకు, లీటరుకు ముప్పై వస్తే 450 కిలోమీటర్లు. ఆ దారికే సరిపోతుంది, ఎదురుగాలీ ఎత్తుపల్లాల కోసం జాగ్రత్తగా రెండు మూడు లీటర్లు పట్టుకుపోయినా తప్పులేదు. మరి రాజమండ్రి నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు పోయేవాడికి క్యాను ఎందుకు? ట్యాంకు పక్కన ముందు వైపు బిగించిన నిండు క్యాన్లు హ్యాండిలును బరువెక్కిస్తాయి, పడ్డప్పుడు కారితే వేడి ఇంజను పక్కనే పెట్రోలు.

ఎత్తు ప్రదేశాల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి మన ఊళ్ళో గాలిలో సగానికి కొంచెం పైన మాత్రమే చిక్కగా ఉంటుంది. ఇంజను శక్తి కూడా దాదాపు అదే లెక్కన తగ్గుతుంది. ఇరవై నాలుగున్నర గుర్రాల్లో పదమూడు, పద్నాలుగు మిగులుతాయి. ముప్పై కిలోల పెట్టెలూ క్యాన్లూ వేసుకుని అక్కడ ఎక్కలేక ఆయాసపడే బండ్లకు ఏ ఫిల్టరూ, ఏ సైలెన్సరూ సాయం చెయ్యదు. సామాను తగ్గించుకోవడమే దారి. చైను ముందు పళ్ళచక్రం పదిహేను పళ్ళ నుంచి పద్నాలుగుకు మారిస్తే లాగుడు ఏడు శాతం దాకా పెరుగుతుంది, కొండ దారులకే పోయేవాళ్ళకు అది చవకైన ఉపాయం. హైవే మీద మాత్రం అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరగాలి, మోత, వణుకు పెరుగుతాయి.

లైట్ల దగ్గర చాలా డబ్బు వృథా అవుతోంది, ప్రమాదం కూడా ఉంది. పొగమంచులో లంబసింగి ఘాట్ దిగినవాళ్ళకు అదనపు లైటు విలువ నేను చెప్పక్కర్లేదు. కంపెనీ హెడ్‌లైటు 60/55 వాట్ల హాలోజన్ బల్బు. బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు సామర్థ్యం సుమారు 220 వాట్లు, అదీ ఇంజను బాగా తిరిగేటప్పుడు. అందులోంచే హెడ్‌లైటు, పెట్రోలు పంపు, ఇగ్నిషన్, ఏబీఎస్, వెనక లైటు అన్నీ బతకాలి. అవన్నీ పోను మిగిలేది తక్కువ. ఇరవై వాట్ల ఎల్ఈడీ లైట్లు రెండు పెడితే నలభై వాట్లు, అంటే మూడు యాంపియర్లకు కొంచెం పైన. అంత వరకు బండి మోస్తుంది. అరవై వాట్లవి రెండు పెడితే 120 వాట్లు, పది యాంపియర్లు. ఫోను చార్జరు కూడా పెట్టి ట్రాఫిక్‌లో ఐడిల్‌లో నిలబెడితే బ్యాటరీ చార్జి అవడం పోయి ఖర్చవడం మొదలవుతుంది. పొద్దున సెల్ఫు తిరగదు.

పెట్టించాక ఒక మల్టీమీటరు తెచ్చి చూడండి, చవకైనదైనా చాలు. లైట్లన్నీ వేసి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13 వోల్టుల పైన ఉండాలి, 14 దగ్గర ఉంటే నిశ్చింత. ఐడిల్‌లో 12న్నర కిందికి జారితే ఒక లైటు తగ్గించాలి. వైరింగు విషయంలో రాజీ పడకండి. హెడ్‌లైటు వైరు కోసి అందులోంచి లాగడం తప్పు. బ్యాటరీ నుంచి నేరుగా, దానికి దగ్గరగా ఫ్యూజు పెట్టి, రిలే ద్వారా లాగాలి. నలభై వాట్లకు ఐదు యాంపియర్ల ఫ్యూజు చాలు. ముప్పై యాంపియర్ల ఫ్యూజు పెట్టారంటే ఫ్యూజు కన్నా ముందు వైరు కాలుతుంది. మంచులో వాడే లైటు కిందగా ఉండాలి, వెలుగు వెడల్పుగా నేల మీద పడాలి. ఎత్తున పెట్టిన తెల్లటి లైటు మంచు మీద పడి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. ఎదుటి బండి కనపడగానే ఆ లైట్లు ఆర్పడం మన బాధ్యత. ఘాట్ మలుపులో ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్మితే వాడు వచ్చి పడేది మన మీదే.

సీటు గురించి తక్కువ చెప్తాను. రెండు గంటలకే నడుం, పిరుదులు పట్టేస్తుంటే పైన మెత్తటి దిండు వేసుకోవడం కన్నా సీటు కుట్టేవాడి దగ్గర లోపలి ఫోము గట్టిది వేయించుకోవడం నయం. మెత్తటిది గంటలో అణిగిపోయి మళ్ళీ పలకే తగులుతుంది. పొట్టిగా ఉన్నవాళ్ళు కాలు అందడం లేదని వెనక షాక్ దగ్గర లింకులు మార్చి బండి దించుతున్నారు. వెనక ఒక్కటే దించితే ముందు ఫోర్కు వాలు పెరిగి మలుపు తిప్పడం బరువవుతుంది, నేల ఎత్తు పోతుంది, సైడు స్టాండు పొడవై బండి నిటారుగా నిలబడి పడిపోతుంది. దాని బదులు ఫోము ముందు భాగం సన్నగా చెక్కించుకోవడం, కాస్త మందం అడుగున్న బూట్లు వేసుకోవడం మేలు.

సైలెన్సరు మార్చడం ఒక్కటీ నేను సూటిగా వద్దనే చెప్తాను. 2020 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో పొగ శుభ్రం చేసే భాగం సైలెన్సరు దారిలోనే ఉంటుంది. దాన్ని తీసేస్తే పొగ చెడుతుంది, శక్తి చెప్పుకోదగ్గంత పెరగదు. రిజిస్ట్రేషనులో రాసిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది నల్లమలలో ఆ మోత. మన్ననూరు దాటాక అది పులులుండే అడవి. జంతువుల కోసమే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు ఆపేస్తారు. అలాంటి చోట పగలు ఫిరంగి మోతతో పోవడానికి మనకు హక్కు లేదు.

ఇంతదాకా చెప్పినవాటి మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఇంకోచోట పెట్టండి. మంచి హెల్మెట్టు, ఐఎస్ఐ గుర్తుతో ఐఎస్ 4151 అని రాసి ఉన్నది. చీలమండ దాటి వచ్చే బూట్లు. ఆ తర్వాత పనిముట్లు. టైరు ఊడదీసే ఇనప లీవర్లు రెండు మూడు, గాలి పంపు, గాలి కొలిచే గేజి, ప్యాచీలు, ఒక కొత్త ట్యూబు. ఒక్కటే పెట్టుకునే చోటుంటే ముందు చక్రం సైజు ట్యూబు పెట్టుకోండి, సన్నగా ఉంటుంది, వెనక చక్రంలోనూ మడతలు లేకుండా సర్ది, ఊరు చేరేదాకా నెమ్మదిగా నెట్టుకు రావచ్చు. పాత క్లచ్ కేబులు పక్కనే కొత్త కేబులు కూడా కట్టి ఉంచుకుంటే, తెగిన చోటే పావుగంటలో మార్చుకోవచ్చు.

ఇవి సంచిలో ఉంటే చాలదు. ఒక సెలవు రోజు ఇంటి ముందు సెంటర్ స్టాండు వేసి, వెనక చక్రం మీ చేత్తో మీరే విప్పండి. ఇరుసు నట్టు కంపెనీ ఇచ్చిన స్పానరుతో కదులుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. పంక్చరు షాపులో గాలి మిషనుతో బిగించిన నట్టయితే చాలాసార్లు కదలదు, అప్పుడు పొడవాటి స్పానరు కొని సంచిలో వేసుకోండి. టైరు అంచు రిమ్ము నుంచి విడిపించడానికి సబ్బునీళ్ళు పూసి, మడమతో తొక్కండి. తిరిగి ఎక్కించేటప్పుడు వాల్వుకు ఎదురువైపు అంచును రిమ్ము మధ్య పల్లంలోకి తొక్కిపట్టి, వాల్వు దగ్గర చివరిగా ఎక్కించండి. లీవరు మొనతో ట్యూబును నొక్కేయడం మొదటిసారి అందరికీ జరిగేదే. ఆ చిల్లి మీద కూడా ప్యాచీ వెయ్యడం నేర్చుకున్నట్టవుతుంది. మొదటిసారి గంటన్నర పట్టినా పట్టనివ్వండి, ఇంటి దగ్గర నీడ ఉంది, మంచినీళ్ళున్నాయి, పక్కింటివాళ్ళు వచ్చి ఒక చెయ్యి వేస్తారు.